ఫెడ్-బ్యాచ్ చివర్లో డీవో ఊగిపోతోంది, పీఐడీ గెయిన్ ఎలా మార్చాలి?

అందరికీ నమస్కారం. మాది మహబూబ్‌నగర్. జడ్చర్ల దగ్గర ఒక ప్లాంటులో ఫెడ్-బ్యాచ్ (గ్లూకోజ్‌ను కొద్దికొద్దిగా అందిస్తూ నడిపే) ఈస్ట్ ఫర్మెంటర్ చూస్తున్నాను. మొదట్లో చక్కగా నిలిచే డీవో (ద్రవంలో కరిగిన ఆక్సిజన్), కణాలు చిక్కబడ్డాక 30 శాతం సెట్‌పాయింట్ (నిలపాల్సిన విలువ) చుట్టూ ఊగుతుంది. గ్లూకోజ్ ఫీడ్ కాస్త పెరిగితే చాలు, గబుక్కున పడిపోతుంది. ఆఫ్‌గ్యాస్‌లో (బయటికొచ్చే వాయువులో) ఆర్‌క్యూ, అంటే వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కూ వాడిన ఆక్సిజన్‌కూ ఉండే నిష్పత్తి, 1 దాటుతుంది, అంటే ఈస్ట్ ఇథనాల్ వైపు మళ్ళినట్టే. ఫీడ్ తగ్గిస్తే పెరుగుదల మందగిస్తుంది.

డీవోను నిలిపే పీఐడీ కంట్రోలర్‌కు బ్యాచ్ అంతా ఒకే గెయిన్ (తేడా వస్తే ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే విలువ) ఉండటమే అసలు చిక్కని నా నమ్మకం. కణాలు పెరిగేకొద్దీ ప్రాసెస్ తీరే మారిపోతుంది కదా. బయోమాస్ (కణాల మొత్తం) చూపే ఆన్‌లైన్ సెన్సర్ మా దగ్గర లేదు. ఆక్సిజన్ వాడకం రేటును బట్టి గెయిన్ షెడ్యూలింగ్ (పరిస్థితిని బట్టి గెయిన్ మార్చడం) చేస్తే సరిపోతుందా, లేక కల్మన్ ఫిల్టర్‌తో (ఉన్న కొలతల నుంచి నేరుగా కొలవలేని విలువను అంచనా వేసే లెక్కతో) బయోమాస్ అంచనా కట్టి ఫీడ్‌బ్యాక్ లీనియరైజేషన్‌కు (ప్రాసెస్‌లోని వంకర తీరును లెక్కతో సరళం చేసి నియంత్రించే పద్ధతికి) వెళ్ళాలా? డీవో ప్రోబ్ (కొలిచే సెన్సర్) చూపే ఆలస్యాన్ని ఎలా లెక్కలోకి తీసుకుంటారు? బ్యాచ్ పోతుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. ప్లాంటులో స్వయంగా నడిపినవాళ్ళు దయచేసి చెప్పండి.