బోవా పాముకి ఏది నయం: గాజు తొట్టా, ప్లైవుడ్ పెట్టా?

భీమవరం_బుల్లోడు:
అందరికీ నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఉండే మా బాబాయి కొడుకు విదేశం వెళ్తూ తన బోవాని నాకు ఇచ్చేస్తున్నాడు. మామూలు బోవా, ఆడది, మూడడుగులు దాటింది, ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో ఉంటోంది. ఇక్కడ అక్వేరియం షాపాయన నాలుగడుగుల గాజు తొట్టి ఉంది, పైన మెష్ మూత పెట్టిస్తానంటున్నాడు. మా వడ్రంగేమో ప్లైవుడ్‌తో పెట్టె కట్టి ముందు అద్దాలు బిగిద్దామంటున్నాడు. యూట్యూబ్‌లో చూస్తే అందరూ వేడి ఎలా పెంచాలో చెప్పేవాళ్ళే, మనకేమో ఏప్రిల్ వచ్చిందంటే ఉడికిపోతాం. అమ్మకి ఒకటే టెన్షన్, అది బయటికొచ్చేస్తుందని. ఎంత సైజు, దేంతో చేయించాలి, ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

కోనసీమ_కొబ్బరాకు:
ముందు సైజు సంగతి తేల్చుకోండి. ఆడ బోవా ఆరు నుంచి ఎనిమిది అడుగుల దాకా పెరుగుతుంది. నాలుగడుగుల తొట్టి కొంతకాలమే వస్తుంది, తర్వాత మళ్ళీ ఖర్చు. ఒకేసారి ఆరడుగుల పొడవు, రెండు వెడల్పు, రెండు ఎత్తు కట్టించేయండి. పెద్ద పెట్టెలో చిన్న పాము బెదురుతుందంటారు కానీ లోపల దాక్కోడానికి చోటుంటే ఏ బెదురూ ఉండదు. వేడి వైపొకటి, చల్ల వైపొకటి, ఒళ్ళు గోడలకి తగిలేంత ఇరుకైన గూళ్ళు రెండు పెట్టండి. ఎక్కడానికి లావుపాటి జామకొమ్మ ఒకటి.

ఇక చలి దేశాల వాళ్ళ వీడియోలు మనకి సగమే పనికొస్తాయండి. గాజు తొట్టి తేమ నిలపదని వాళ్ళ బాధ. బోవాకి కావలసిన తేమ అరవై, డెబ్బై శాతం, మన గాల్లోనే అంతకంటే ఎక్కువుంటుంది చాలా నెలలు. మన గొడవ గాలి ఆడకపోవడం. తడి అలాగే నిలిచిపోతే పొట్ట కింద పొలుసులు కుళ్ళుతాయి, ఊపిరితిత్తులకి జబ్బు పట్టి నోట్లో నురగ వస్తుంది. ఒక పక్క కింద, ఎదురు పక్క పైన జాలీలు పెట్టించండి, గాలి అడ్డంగా పోతుంది. జాలీ అంచులు నున్నగా లేకపోతే ముక్కు రాసి రాసి పుండు చేసుకుంటుంది.

వేడి వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్ల వైపు 25 నుంచి 27 ఉండాలి. హీటర్ ముఖ్యంగా కావాల్సింది డిసెంబర్, జనవరి రాత్రులూ, ముసురు పట్టిన రోజులూ. పెట్టినప్పుడు మాత్రం వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేకుండా పెట్టొద్దు, వేడి బల్బు అయితే దాని చుట్టూ ఇనప జాలీ ఉండాలి, లేదంటే పోయి చుట్టుకుని కాల్చుకుంటుంది. అయితే థర్మోస్టాట్ హీటర్ని ఆపుతుందే కానీ గదిని చల్లబరచదు కదా. మేలో గదే 38 అయితే ఏ పెట్టె అయినా ఒకటే. రేకుల గదిలోనో, పడమటి గోడ పక్కనో పెట్టారో అంతే సంగతులు. మధ్య గదిలో, ఫ్యాన్ కింద, ఇన్వర్టర్ లైను ఉన్నచోట పెట్టండి. తుపానుకి కరెంటు పోయి ఒక రాత్రి హీటర్ లేకపోతే మనకి పెద్ద నష్టం లేదు, మే మధ్యాహ్నం ఫ్యాన్ ఆగితేనే చిక్కు. అప్పుడు గడ్డకట్టిన నీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి చల్ల వైపు పెట్టె మీద పెట్టండి.

తణుకు_తమ్ముడు:
పెట్టె తర్వాత సంగతి, కాగితాలున్నాయా బ్రదర్? బోవా సైట్స్ (CITES, వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) జాబితాలో ఉంది. 2022లో వన్యప్రాణి చట్టం సవరించి ఇలాంటి విదేశీ జాతుల్ని నాలుగో షెడ్యూల్‌లో చేర్చారు, 2024 ఫిబ్రవరి నుంచి కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేతికొచ్చాక నీకు ముప్పై రోజులే టైము. అన్నయ్య పేరున రిజిస్ట్రేషన్ ఉందో లేదో తేల్చుకోకుండా బస్సెక్కించకు. ఇంకోటి, ఎవడైనా రెండు తలల పాము ఇస్తాను, అదీ బోవాయే అని వస్తే దూరంగా ఉండు. అది మన దేశపు పాము, ఇంట్లో పెట్టుకుంటే కేసే.

భీమవరం_బుల్లోడు:
రిజిస్ట్రేషన్ ఉందన్నాడు అన్నా, కాపీ పంపమన్నాను, చూశాకే తెస్తా. పెట్టె అయితే ప్లైవుడ్‌కే మొగ్గుతున్నా, చెదలు పడితే ఎలా? కింద పరవడానికి ఊక చాలా?

పాలకొల్లు_పడుగు:
మామూలు ప్లై వద్దండి, నీళ్ళ గిన్నె ఒకసారి ఒలికితే ఉబ్బిపోతుంది. 710 అని ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. లోపల నీటితో కలిపే పాలియురిథేన్ పూతలు వేసి, మూలలకి సిలికాన్ కొట్టి, వాసన మొత్తం పోయాకే పాముని వదలాలి. వడ్రంగి తొందరపెడతాడు, వినకండి. డబ్బుంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ బోర్డు ఇంకా నయం, చెదలూ పట్టవు, తడికీ చెడదు.

ఊక దుమ్ము, పైగా ఎలకని మింగేటప్పుడు నోట్లోకి పోతుంది. అంబాజీపేట వైపు నుంచి కొబ్బరి పొట్టు తెప్పించుకోండి, ఉప్పు పోయేదాకా కడిగి ఆరబెట్టి వాడండి.

మీ అమ్మగారి భయానికి మందు తాళమే. బంగారం షాపు షోకేసులకి ఉంటుందే, జరిపే అద్దాల మధ్య పళ్ళ పట్టీతో ఉండే తాళం, అదే వేయించండి. రెండద్దాలు ఒకదాని మీదొకటి ఎక్కే చోట సందు చూసుకోండి, తల దూరితే ఒళ్ళంతా దూరినట్టే. గాజు తొట్టి పైమూతని మాత్రం అది రాత్రంతా నెడుతూనే ఉంటుంది.

చీమల సంగతెవరూ చెప్పలేదు. చచ్చిన ఎలకని తినకుండా వదిలేస్తే గండుచీమలు పట్టేస్తాయి. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టండి. చీమల చాక్‌పీసు గీయడం, దోమల మందు అదే గదిలో పెట్టడం వద్దు, వాటిలో ఉండే పురుగుమందు పాముకి కూడా విషమే.

భీమవరం_బుల్లోడు:
దోమల మందు లేకుండా మా ఊళ్ళో పడుకోవడమా! సరే, దోమతెర కొంటా. వడ్రంగికి రేపు కొలతలిస్తాను, తాళం ఎటు వైపు రావాలి?

పాలకొల్లు_పడుగు:
ఎటైనా ఒకటేనండి, తాళంచెవి మాత్రం పిల్లలకి అందకూడదు.