సమస్యాపూరణం: గాలిలోన కోడి కాలు వేగె

కవిమిత్రులకు నమస్కారములు. ఈ వారం ఆటవెలది పద్యపు నాల్గవ పాదాన్ని సమస్యగా ఇస్తున్నాను, మిగిలిన మూడు పాదాలు రాసి దానికి అర్థం కుదర్చడమే పూరణ.

గాలిలోన కోడి కాలు వేగె

నూనె లేదు, మూకుడు లేదు, గాలిలో కాలు ఎలా వేగుతుందన్నదే ఇందులోని అసంబద్ధత. విందులో భోజనానికి ముందు అందించే తీపికారపు కోడి వంటకాన్ని వేడి గాలితో వేయించే ఎయిర్ ఫ్రైయర్‌లో చేసే విధానమే విషయంగా పూరించవలసిందని కోరుతున్నాను. ఫిలిప్స్ సంస్థ 2010లో ఈ పేరుతో పరికరాన్ని విడుదల చేసిన నాటి నుండి వంటగదిలో ఈ అసంబద్ధత నిత్యసత్యం అయింది. ఛందస్సు ఎంత సరిగా ఉండాలో వంట కూడా అంత సరిగా ఉండాలి. పద్యాన్ని చదివి వండినవారి ముక్క పచ్చిగా మిగిలినా, మాడిపోయినా ఆ పూరణను నేను పూర్తయినదిగా ఎంచను.

మొదటి పూరణ

వేడి తీగ పైన విసనకఱ్ఱ తిరిగి
బుట్ట చుట్టు సెగలు పోవుచుండ
తోలు కింది కొవ్వు తొలుత కరగి కార
గాలిలోన కోడి కాలు వేగె.

సమీక్ష: ఆర్యా, పరికరం పని చేసే తీరును మూడు పాదాలలో ఇమిడ్చిన మీ పూరణ ప్రశంసనీయంగా ఉన్నది. ఎయిర్ ఫ్రైయర్‌లో వేడి తీగ పైభాగాన ఉంటుంది, దానికి పైన పంకా ఉండి వేడి గాలిని బుట్ట చుట్టూ వేగంగా తిప్పుతుంది. విసనకఱ్ఱ అన్న మాటను ఆ పంకాకు వాడడం నాకు బాగా నచ్చింది. అయితే మొదటి పాదంలో "తిరిగి" అన్న క్త్వార్థకానికి (పని ముగిసినట్లు తెలిపే అసమాపక క్రియకు) కర్త విసనకఱ్ఱ కాగా, రెండవ పాదంలోని "పోవుచుండ"కు కర్త సెగలు. క్త్వార్థకానికి ఏకకర్తృకత్వం, అంటే తరువాతి క్రియతో ఒకే కర్త ఉండడం, అవసరం కనుక అన్వయం కుంటుపడింది. "విసనకఱ్ఱ తిరుగ" అంటే గణాలు చెడవు, అన్వయం కుదురుతుంది. తోలు కింది కొవ్వును మీరు గుర్తించడం ఈ పద్యానికి ప్రాణం. తోలు తీసేసిన ముక్కకు ఈ కరిగే కొవ్వు ఉండదు కాబట్టి దానికి ఒక చెంచా నూనె చేత్తో రాయవలసి వస్తుంది.

ఒక సభ్యుని సందేహం: గురువుగారూ, నూనెలో మునగనిది వేగడం ఎట్లా అవుతుంది? అది కాలడమే కదా. "గాలిలోన కోడి కాలు కాలె" అని సమస్యను మారిస్తే అర్థం సరిపోవడమే కాక కాలు, కాలె అన్న శబ్దాలకు అందం కూడా వస్తుంది.

సమాధానం: శబ్దాలంకారం విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను, కాని మార్పును అంగీకరించలేను. వేగడం అంటే మనం ఆశించేది పైపొర ఎండి, ఎర్రబడి, కొరికినప్పుడు కరకరలాడడం. ఆ ఎరుపును, దానితో వచ్చే వాసనను కలిగించే రసాయన చర్యను 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు. మాంసకృత్తులలోని ఎమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ చర్యను చురుకుగా సాగిస్తాయి. తడి ఉన్నంతసేపు పైపొర 100 డిగ్రీలు దాటదు. నూనె చేసే పని ఆ తడిని తరిమి వేడిని అందించడమే, ఇక్కడ ఆ పనిని వడిగా వీచే గాలి, తోలు నుండి కరిగిన కొవ్వు కలిసి చేస్తున్నాయి. కనుక "వేగె" అన్న క్రియ సార్థకమే.

రెండవ పూరణ

తేనె ముందె పూయ తెలియ కడుగు మాడు
చివర పూసి రుచిని జేర్చినంత
కారమందు తీపి కలిసి మెఱయుచుండ
గాలిలోన కోడి కాలు వేగె.

సమీక్ష: ఛందస్సులో దోషం లేదు. తీపికారపు వంటకానికి అసలు రహస్యాన్ని పట్టుకున్న పద్యం ఇదే. తేనెలో అధికంగా ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర 110 డిగ్రీల దగ్గరే రంగు మారడం మొదలుపెడుతుంది, బుట్టలోని గాలి 190 నుండి 200 డిగ్రీల వరకు ఉంటుంది. మొదటి నుండి పూసిన తేనె ఇరవై నిమిషాలకు నల్లబడి చేదెక్కడం తథ్యం. అందువల్ల ఉప్పు, కారం, వెల్లుల్లి ముందే పట్టించి, తేనె పాకాన్ని చివరి మూడు నాలుగు నిమిషాలలో మాత్రమే పూయాలి.

అయితే అమ్మా, "అడుగు మాడు" అన్నది మూకుడులో వండేవారి అనుభవం. ఈ పరికరంలో వేడి పైనుండి వస్తుంది కనుక మాడేది పైభాగం. "తెలియ కడుగు మాడు" బదులు "తీగ సెగకు మాడు" అని మార్చి చూడండి. తే, తీ అక్షరాలకు యతి (పాదం మొదటి అక్షరానికి, నడుమ నియత స్థానంలోని అక్షరానికి ఉండవలసిన మైత్రి) చక్కగా కుదురుతుంది, నిజం కూడా చెప్పినట్లవుతుంది.

కవయిత్రి ప్రత్యుత్తరం: ధన్యవాదములు, సవరణను స్వీకరిస్తున్నాను. నేను వాడే పాకం కిలో ముక్కలకు మూడు పెద్ద చెంచాల తేనె, రెండు పెద్ద చెంచాల సోయా సాస్, ఒక పెద్ద చెంచా నిమ్మరసం, దంచిన వెల్లుల్లి రెబ్బలు రెండు, తగినంత ఎండుమిరప పొడి. దీనిని పొయ్యి మీద తీగ వచ్చేదాకా మరిగించి చల్లారనిస్తాను. పలుచగా పూస్తే బుట్ట కిందికి కారిపోతుంది. పులుపు లేకపోతే తీపి నాలుకపై బరువుగా నిలిచిపోతుంది కనుక నిమ్మరసాన్ని ఎన్నడూ మానను.

మూడవ పూరణ

తడిని తుడిచి యుప్పు తగు విధమున జల్లి
యొకటి కొకటి తాకకుండ బేర్చ
సందు సందు దూరి సాగు వేడి సెగకు
గాలిలోన కోడి కాలు వేగె.

సమీక్ష: భావం ఎంతో బాగున్నది, కాని రెండవ పాదంలో యతి స్పష్టంగా లేదు. "తాకక, ఉండ" అని విడదీస్తే "యొ"లోని ఒకారానికి ఉకారంతో మైత్రి కుదురుతుంది కాని, "కుం" అని కలిపి చదివితే హల్లులకు మైత్రి లేదు. ప్రాసయతితో (ఆ రెండు చోట్లా రెండవ అక్షరాలను కలిపే యతితో) సరిచేయవచ్చు: "యొండొకటిని దాకకుండ బేర్చ". ఒండొ, కుండ అన్న చోట్ల బిందుపూర్వక డకారం కుదిరింది. "సందు సందు దూరి" అన్న పాదాన్ని మాత్రం అక్షరం కూడా కదల్చవద్దు. గాలి వెళ్ళే దారిని అంత స్పష్టంగా చెప్పిన మాట ఈ వారం మరొకటి రాలేదు.

కవి ప్రత్యుత్తరం: సవరణకు కృతజ్ఞతలు. ఈ పాదం నా అనుభవం నుండి వచ్చింది. మొదటిసారి విందుకు చేసినప్పుడు తొందరలో బుట్ట నిండా ముక్కలు గుట్టగా పోశాను. ఒకదాని ఆవిరి మరొకదానికి తగిలి తోలు ఉడికినట్లు మెత్తబడింది, అతిథుల ముందు పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. ఇప్పుడు ఒకే వరుసగా పేర్చి, సగం సమయానికి తిప్పుతాను. ముక్కలను కుళాయి కింద కడగను, ఎందుకంటే ఆ నీటి చిందులతో సూక్ష్మజీవులు చుట్టుపక్కల పాత్రల మీదికి చేరుతాయి. కాగితంతో అద్ది తడి తీసి, కిలోకు ఒక పెద్ద చెంచా బేకింగ్ పౌడర్, ఒక చిన్న చెంచా ఉప్పు పట్టిస్తాను. పద్యంలో బేకింగ్ పౌడర్‌కు చోటు దొరకలేదు.

సమీక్షకుని చేర్పు: బేకింగ్ పౌడర్ వల్ల తోలుకు క్షారగుణం కొంత పెరిగి ఎరుపు త్వరగా వస్తుంది. పొరపాటున బేకింగ్ సోడా వాడితే సబ్బు వంటి రుచి వస్తుందని కొత్తవారు గమనించాలి.

నాల్గవ పూరణ

లోన పచ్చిగున్న లోపమే యది గాన
కొలత పుల్ల గుచ్చి కొలిచి చూడ
డెబ్బదియును నాల్గు డిగ్రీలు దాటగ
గాలిలోన కోడి కాలు వేగె.

సమీక్ష: నిర్దోషం. అంకెను పద్యంలో ఇంత సహజంగా ఒదిగించడం సులభం కాదు. కోడిమాంసం లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్ చేరితే సురక్షితం. కొలత పుల్లను (మాంసంలో గుచ్చే ఉష్ణమాపకాన్ని) ఎముకకు తగలకుండా మందమైన చోట గుచ్చాలి. కాలు విషయంలో నా అభిప్రాయం ఒకటి జోడిస్తాను: 74 దగ్గర తినవచ్చు కాని, 80 దాటాకే కాలి కండలోని బిరుసైన సంధాయక కణజాలం కరిగి మెత్తదనం వస్తుంది. 190 డిగ్రీల వద్ద ఇరవై రెండు నుండి ఇరవై అయిదు నిమిషాలు పట్టడం దీనికే.

అయిదవ పూరణ

నేల పైన తిరిగి నింగి జూడని దాయె
రెక్క లుండి కూడ రివ్వు మనక
విందు నాడు బుట్ట విడిదిలో జేరగ
గాలిలోన కోడి కాలు వేగె.

సమీక్ష: ఈ పద్యం చదివి కొంతసేపు ఆగిపోయాను. రెక్కలుండి ఎగరని పక్షికి గాలి చివరకు ఇలా దక్కిందన్న ఊహ కరుణతో కూడినది, సమస్యలోని అసంబద్ధతను విరవకుండానే దానికి అర్థం కల్పించింది. వేడి ప్రస్తావన లేనందున ఎందుకు వేగిందో తెలియడం లేదనిపించి, "విందు నాడు వేడి బుట్టలో జేరగ" అని మార్చి చూశాను, యతి నిలువలేదు. "విందు నాడు బుట్ట వేడిలో జేరగ" అంటే యతి నిలుస్తుంది కాని విడిది పోతుంది. ఎంపిక మీదే.

కవి ప్రత్యుత్తరం: విడిదినే ఉంచుకుంటాను. వేగె అన్న మాటలోనే వేడి ఉన్నది కదా.

సభ్యురాలి ప్రశ్న: ఇరవై మంది అతిథులకు ఒకే వరుసగా పేర్చి చేస్తే చివరి విడత వచ్చేసరికి మొదటిది చల్లబడుతుంది. దీనికి ఉపాయమేమిటి?

సమాధానం పద్యంలోనే చెబుతాను:

విందు వారి కెల్ల విడతగా వేయించి
పాక మద్ది మరలఁ బరచినంత
మూడు నిముసములకె ముదురు రంగును దాల్ప
గాలిలోన కోడి కాలు వేగె.

పాకం పూయకుండా అన్ని విడతలనూ పూర్తిగా వేయించి పెట్టుకొని, అతిథులు కూర్చున్న తరువాత విడతకు మూడు నాలుగు నిమిషాల చొప్పున 200 డిగ్రీల వద్ద పాకంతో మళ్ళీ వేడి చేయడమే ఉపాయం. మొదటి విడత నుండి వడ్డన వరకు బయట ఉంచే కాలం రెండు గంటలు మించేలా ఉంటే మధ్యలో ఫ్రిజ్‌లో పెట్టండి. పచ్చి ముక్కలు నానిన మసాలా రసాన్ని పాకంలో కలపదలిస్తే బాగా మరిగించాకే కలపండి. ముక్కలు అనేకం కాగా "కాలు" అని ఏకవచనం ఎందుకని అడగబోయేవారికి ముందే విన్నవిస్తున్నాను, అది జాత్యేకవచనం, అంటే జాతినంతటినీ తెలిపే ఏకవచనం.