ర్యాంపు వాలు 1:12 రూలా, సలహానా?

కృష్ణతీరం: మా ఊళ్లో పంచాయతీకి కొత్త భవనం కడుతున్నారు. ప్లింత్, అంటే నేల నుంచి గచ్చు ఎత్తు, మూడడుగులు పెడతారట. ర్యాంపు ఎంత పొడవుండాలి? వికలాంగుల టాయిలెట్ తలుపు ఎటు తెరుచుకోవాలి? కాంట్రాక్టరేమో "అవన్నీ సలహాలే, రూల్స్ కాదు" అంటున్నాడు.

మూడుచక్రాలు: పొడవు సంగతి తర్వాత. మా దగ్గర ఒక ఆఫీసుకి ర్యాంపు భేషుగ్గా కట్టారు, దాని చివర రెండు మెట్లు! టాయిలెట్‌కి ఎప్పుడూ తాళమే. లోపల చీపుళ్లు, పాత ఫైళ్లు.

రిటైర్డ్_ఏఈ: సర్వీసంతా బిల్డింగులే కట్టించాను, వినండి. 1:12 అంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. మూడడుగులకి 36 అడుగులు, మధ్యలో ఆగడానికి చదునుగా ల్యాండింగ్ అదనం. అంత స్థలం ఎక్కడుంది? 1:8 వేస్తే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు తోస్తారు.

మూడుచక్రాలు: ఎవరు తోస్తారు సార్, మీరొస్తారా? నలుగురు మోసుకెళ్లడానికి నేనేమన్నా ఉత్సవ విగ్రహాన్నా?

రిటైర్డ్_ఏఈ: మర్యాదగా మాట్లాడండి. ఎస్టిమేట్లు వేసేవాడికి తెలుస్తాయి కష్టాలు.

లా_లత: కాంట్రాక్టరు మాటలో సగం నిజముంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం ప్రమాణాలు పాటించని ప్లానుకి పర్మిషన్ ఇవ్వకూడదు, కంప్లీషన్ సర్టిఫికెట్టూ ఇవ్వకూడదు. కానీ 2017 రూల్స్‌లో 15వ రూలు మార్గదర్శకాలు చూపించి ఊరుకుంది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఆ 15(1) చెల్లదని, తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో తెమ్మని చెప్పింది. ఆ కేసులో నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే.

డాలస్_బాబాయ్: అమెరికాలో వికలాంగుల చట్టం, ఏడీఏ, 1990లోనే వచ్చింది. వాలు ఇక్కడా 1:12నే.

రిటైర్డ్_ఏఈ: వచ్చారండీ! అక్కడ ఎకరాల్లో కడతారు.

మూడుచక్రాలు: అసలు మూడడుగుల ప్లింత్ ఎందుకు? అడుగున్నర చాలు, ర్యాంపు 18 అడుగులకి దిగుతుంది.

రిటైర్డ్_ఏఈ: వరదొస్తే?

కృష్ణతీరం: మాకు వరద రాదండీ, ఎదురుగా డ్రైనేజీ పొంగుతుంది.

మూడుచక్రాలు: అయితే డ్రైనేజీ బాగుచేయండి!

పద్మక్క: తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకి జరిగేది పెట్టించు తమ్ముడూ. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకి అడ్డమైపోతారు. నేలకి నున్నటి గ్రానైట్ మాత్రం వద్దు. మా అత్తయ్య జారిపడింది.

రిటైర్డ్_ఏఈ: ప్లాను ఫొటో పెట్టండి, చూస్తాను. ర్యాంపుని మడత పెట్టి వేయొచ్చేమో.

సగంచూపు: ఇక్కడందరికీ ర్యాంపొక్కటే కనిపిస్తోంది. చూపులేనివాళ్ల కోసం వేసే పసుపు టైల్స్‌లో గీతలున్నవి దారికి, చుక్కలున్నవి ఆగమనడానికి. మా బస్టాండులో మేస్త్రీ డిజైన్ బాగుందని రెండూ కలిపి వేసేశాడు. లిఫ్టులో బ్రెయిలీ పలకేమో తలకిందులుగా బిగించారు. దీనికి ఎవరికి అర్జీ పెట్టాలో చెప్తారా ముందు?