రోజుకు 350 కిలోమీటర్లు: తొమ్మిది రోజుల బండి ప్రయాణానికి నా పథకం సరిపోతుందా?

కొత్తదారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను, నా భార్య కలిసి ఒకే మోటారు సైకిలు మీద తొమ్మిది రోజుల విహారయాత్రకు సిద్ధమవుతున్నాము. పెద్ద రహదారులను వీలైనంత వరకు వదిలిపెట్టి, కొండలు, అడవి అంచులు, చెరువుగట్లు, పొలాల మధ్య సాగే చిన్న దారుల్లో వెళ్లాలన్నది మా కోరిక. పదిహేనేళ్లుగా బండి నడుపుతున్నాను కానీ, వరుసగా రెండు రోజులకు మించి ఎప్పుడూ ప్రయాణించలేదు.

నేను వేసుకున్న లెక్క ఇది. మొత్తం 3,150 కిలోమీటర్లు, అంటే రోజుకు 350. మ్యాపులో చూస్తే ఒక్కో రోజుకు ఏడు గంటల ప్రయాణమని చూపిస్తోంది. ఉదయం ఎనిమిదికి బయలుదేరితే మధ్యాహ్నం మూడు గంటలకల్లా బసకు చేరిపోతామని, మిగిలిన సమయమంతా చుట్టుపక్కల చూడటానికి ఉంటుందని అనుకుంటున్నాను. సామాను కోసం మూడు అల్యూమినియం పెట్టెలు, వాటిని బిగించే ఫ్రేములు కొన్నాను. బండి మాన్యువల్‌లో గరిష్ఠంగా మోయగల బరువు 180 కిలోలని ఉంది. నా బరువు 80, నా భార్య బరువు 60 కిలోలు కాబట్టి సామానుకు 40 కిలోలు మిగులుతుందని లెక్కగట్టాను.

బసలన్నీ ముందే ఖరారు చేసుకోవడం మంచిదా, ఏ రోజుకారోజు వెతుక్కోవడం మంచిదా? సగం అరిగిన టైర్లను ఇప్పుడే మార్చాలా? ఈ పథకంలో నాకు కనిపించని లోపాలుంటే దయచేసి నిర్మొహమాటంగా చెప్పండి.

నిదానం

కొత్తదారి గారూ, మీరు నిర్మొహమాటంగా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను: మీ దూరాన్ని దాదాపు సగానికి తగ్గించండి.

మ్యాపు చూపించే ఏడు గంటలు చక్రాలు తిరుగుతున్న సమయం మాత్రమే. అది కూడా దారిలో పశువుల మంద అడ్డం రాకుండా, ట్రాక్టరు వెనక చిక్కుకోకుండా, గుంతలు తప్పించుకోవడానికి వేగం తగ్గించకుండా వెళ్తేనే. దానికి గంటన్నరకొకసారి పావుగంట విశ్రాంతి, మధ్యాహ్న భోజనం, పెట్రోలు, ఫొటోల కోసం ఆగే చిన్న చిన్న విరామాలు కలపండి. ఏడు గంటలు పది గంటలవుతాయి. ఎనిమిదికి బయలుదేరినవారు ఆరు గంటలకు, వెలుగు తగ్గుతున్న వేళ, ఒళ్లు హూనమై బసకు చేరతారు. ఒక్క పంక్చరు పడితే మిగిలిన దారంతా చీకట్లోనే. అందమైన దారిని ఎంచుకున్నదే ఆగడానికి. ఆగడానికి సమయం లేనప్పుడు ఆ దారికీ పెద్ద రహదారికీ తేడా ఏముంటుంది?

నా పద్ధతి వేరు. నేను కిలోమీటర్లతో మొదలుపెట్టను. బసకు ఎన్ని గంటలకు చేరాలో ముందు నిర్ణయించుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసుకుంటాను. చీకటి పడటానికి రెండు గంటల ముందు చేరాలన్నది నా నియమం. అలా లెక్కిస్తే కొండదారుల్లో రోజుకు 200 నుంచి 230 కిలోమీటర్లు, చదునైన చోట 280 వరకు వస్తుంది. తొమ్మిది రోజుల్లో రెండు రోజులు బండిని కదపకుండా ఉంచితే, మిగిలిన ఏడు రోజుల్లో 1,600 కిలోమీటర్లు హాయిగా తిరగవచ్చు. మొదటి విశ్రాంతి రోజును నాలుగో రోజుకే పెట్టండి. అలసట మూడో రోజు సాయంత్రం నుంచి పేరుకోవడం మొదలవుతుంది. అది మెడలోనో నడుములోనో తెలియడానికి ముందే, మలుపుల్లో చూపు ఆలస్యం కావడంలో కనిపిస్తుంది.

చీకటి విషయంలో నా పట్టుదలకు ఒక లెక్క ఉంది. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు వెళుతుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద చేయి వేయడానికి ఒక సెకను పోతే, పొడి రోడ్డు మీద బాగా బ్రేకు వేసినా ఆగడానికి మరో 35 మీటర్లు కావాలి. మొత్తం 57 మీటర్లు. హెడ్‌లైటు డిమ్ వెలుగు (లో బీమ్) ఇంచుమించు అంతవరకే పడుతుంది. మలుపులోనైతే ఆ వెలుగు రోడ్డు మీద కాక పొదల మీద పడుతుంది. అడవి అంచుల్లో జంతువులు ఎక్కువగా కదిలేది సంజెవేళ, తెల్లవారుజామునే.

ఇక మీ బరువు లెక్కలో పెద్ద పొరపాటు ఉంది. హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు ఇద్దరికీ కలిపి 15 కిలోలకు పైనే ఉంటాయి. మూడు అల్యూమినియం పెట్టెలు, వాటి ఫ్రేములు ఖాళీగానే 18 నుంచి 20 కిలోలు తూగుతాయి. 140తో వీటిని కలిపితే 175 దాటుతుంది. అంటే మీరు 40 కిలోలనుకున్న చోట బట్టలకు, పనిముట్లకు, నీళ్లకు కలిపి మిగిలేది నాలుగైదు కిలోలు. కొన్న పెట్టెలే మీ సామాను వాటాను తినేశాయన్నమాట. వీలైతే వాటిని ఇంట్లో వదిలి, రెండు పక్కలా వేలాడే గుడ్డ సంచులు తీసుకోండి. అవి నాలుగైదు కిలోలకు మించవు. బరువైన వస్తువులు సంచుల అడుగున, బండి మధ్యభాగానికి దగ్గరగా ఉండాలి. వెనక చివరన ఎత్తులో బరువు పెడితే ముందు చక్రం తేలికై, వేగంలో హ్యాండిల్ ఊగడం మొదలవుతుంది.

వెనకసీటు

నిదానం గారు చెప్పినవన్నీ నిజమే. కానీ ఆయనా బండి నడిపే మనిషే కాబట్టి ఒక సంగతి ఆయనకూ కనిపించలేదు. ప్రశ్న మొత్తంలో కొత్తదారి గారి భార్యామణి బరువు 60 కిలోలన్న వివరం ఉంది తప్ప, ఆమె ఎన్ని గంటలు కూర్చోగలరో, ఏం చూడాలనుకుంటున్నారో ఎక్కడా లేదు. పన్నెండేళ్లుగా వెనక సీటులో తిరుగుతున్నదానిగా ఇది రాస్తున్నాను.

నడిపేవారికి చేతినిండా పని ఉంటుంది కాబట్టి అలసట ఆలస్యంగా తెలుస్తుంది. వెనకవారికి ముందున్న గుంత కనబడదు, బ్రేకు ఎప్పుడు పడుతుందో తెలియదు, మోకాళ్లు ఎప్పుడూ ఎక్కువ వంగి ఉంటాయి. బ్రేకు పడిన ప్రతిసారీ శరీరం ముందుకు జారుతుంది, హెల్మెట్లు టకటకా కొట్టుకుంటాయి. గంటకొకసారి దిగి నాలుగడుగులు వేయకపోతే సాయంత్రానికి కాళ్లు మన మాట వినవు. అందుచేత ఎప్పుడు ఆగాలన్న నిర్ణయాన్ని వెనక కూర్చున్నవారికి అప్పగించడం మేము ఆలస్యంగా నేర్చుకున్న మంచి అలవాటు.

బయలుదేరే ముందే సైగలు ఖాయం చేసుకోండి. మాకు భుజం మీద ఒకసారి తడితే వేగం తగ్గించమని, రెండుసార్లు తడితే వీలున్న మొదటి చోట ఆపమని అర్థం. నడిపేవారు తల ఊపేదాకా ఎక్కకూడదు, దిగకూడదు. నిండా సామానున్న బండి నిలబడి ఉన్నప్పుడే సులువుగా పడిపోతుంది. మలుపుల్లో వెనకవారు ప్రత్యేకంగా వంగనక్కరలేదు. మలుపు ఏ పక్కకు తిరుగుతుంటే ఆ పక్క భుజం మీదుగా రోడ్డును చూస్తే చాలు, శరీరం తనంత తానే సరిగ్గా ఒరుగుతుంది.

చలి సంగతి కూడా చెప్పాలి. వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కితే సుమారు 6 డిగ్రీల ఉష్ణోగ్రత తగ్గుతుంది. 10 డిగ్రీల గాలిలో 80 వేగంతో వెళితే ఒంటికి తగిలే చలి 4 డిగ్రీల చలిలా ఉంటుంది. ఒక మందపాటి కోటు కన్నా రెండు మూడు పలచని పొరలు, వాటిపైన గాలిని ఆపే జాకెట్టు మేలు. చెవులకు స్పాంజి ప్లగ్గులు పెట్టుకోండి. అలసటలో సగం గాలి హోరు వల్లనేనని అవి పెట్టుకున్న మొదటి రోజే నాకు తెలిసింది.

అన్నిటికన్నా ముందు, బయలుదేరడానికి రెండు వారాల ముందు, పూర్తి సామానుతో ఇద్దరూ ఒక రోజు 200 కిలోమీటర్లు వెళ్లి రండి. ఆ రోజు సాయంత్రం పథకం గురించి ఆమెను అడగండి.

ఏడోనంబరు పానా

బండి గురించి మాత్రమే చెబుతాను.

టైర్లు సగం అరిగాయన్నారు. 1,600 కిలోమీటర్లకు అవి సరిపోవచ్చు కానీ, ముందు వాటి వయసు చూడండి. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. రబ్బరు గట్టిపడిన పాత టైరు, ఎంత లోతు మిగిలి ఉన్నా, తడి రోడ్డు మీద నమ్మదగింది కాదు. మార్చేటట్లయితే ప్రయాణానికి ముందురోజు మార్చకండి. కొత్త టైరు పైపొర జారుడుగా ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఇద్దరు మనుషులు, సామాను ఉన్నప్పుడు వెనక టైరుకు ఎంత ఉండాలో మాన్యువల్‌లో విడిగా ఇచ్చి ఉంటుంది.

బరువు పెరిగితే వెనక సస్పెన్షన్ కుంగుతుంది. దాని ప్రీలోడ్ (స్ప్రింగుకు ముందే ఇచ్చే బిగువు) పెంచకపోతే హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది, ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడుతుంది. చాలా బండ్లలో సస్పెన్షన్ కుంగినకొద్దీ చైను బిగుతవుతుంది కాబట్టి, ఖాళీ బండి మీద చైనును మాన్యువల్ చెప్పిన దానికన్నా బిగించడం పెద్ద తప్పు. కాస్త వదులున్నా ఫరవాలేదు కానీ, అతి బిగువు బేరింగులను పాడుచేస్తుంది. రోజూ సాయంత్రం బండి ఆపాక, చైను వేడిగా ఉన్నప్పుడే లూబ్ (చైనుకు పూసే నూనె) పట్టించండి.

బ్రేకు ఆయిలు మార్చి రెండేళ్లు దాటితే మార్చించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. పొడవైన ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉంటే ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. అప్పుడు లివరు మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. ఏ గేరులో ఎక్కారో ఇంచుమించు ఆ గేరులోనే దిగండి, వేగాన్ని ఇంజనునే పట్టనివ్వండి.

వెంట ఉండాల్సినవి: మీ టైరుకు తగిన పంక్చరు కిట్టు (ట్యూబ్‌లెస్ టైరుకు, ట్యూబు టైరుకు కావలసినవి వేరు వేరు), చిన్న గాలిపంపు, క్లచ్చు కేబులు, చైను లింకు, ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు. కిట్టు కొనడం కాదు, ఇంటి దగ్గర ఒకసారి వాడి చూడండి.

తూర్పుగాలి

బసల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ ఒక్కదానికి జవాబిస్తాను. మొదటి రాత్రి, విశ్రాంతి రోజులకు ముందు రాత్రులు, సెలవు రోజుల రాత్రులు మాత్రం ఖరారు చేసుకుని, మిగిలినవి వదిలేయండి. అన్నీ ముందే కట్టేస్తే, వాన పడుతున్నా ఆ ఊరు చేరాలన్న పంతం పుడుతుంది. వాన మొదలైన మొదటి పావుగంట రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి అన్నిటికన్నా జారుడుగా ఉంటుంది. ఆ పావుగంట ఎక్కడైనా ఆగి కూర్చోగలిగేవారికే బండి ప్రయాణం. అయితే ఏమీ ఖరారు చేయకపోవడం కూడా తప్పే, చిన్న ఊళ్లలో ఉన్న రెండు గదులూ నిండిపోయి ఉండవచ్చు.

దారి దిశను కూడా చూసుకోండి. ఉదయం పడమటికి, సాయంత్రం తూర్పుకు సాగేలా వీలైనంత అమర్చుకుంటే ఎండ కళ్లలో పడదు. కానీ మీ వీపున సూర్యుడున్నప్పుడు ఎదురుగా వచ్చేవారికి మీరు కనబడరని మరచిపోవద్దు. ఆ వేళ ఎదుటివారు మిమ్మల్ని చూశారని ఎప్పుడూ అనుకోకండి.

మ్యాపును ఫోనులో ముందే దింపి ఉంచుకోండి. కొండల మధ్య సిగ్నలు ఉండదు. అతి దగ్గరి దారి అడిగితే అది మిమ్మల్ని ఎడ్లబండ్ల బాటలోకి పంపుతుంది, అందుకే నడుమ ఊళ్లను మీరే గుర్తు పెట్టి దారి గీయండి. ట్యాంకు సగానికి రాగానే కనబడిన మొదటి బంకులో నింపుకోవాలి. బరువుతో, ఎక్కుడు దారుల్లో మైలేజీ మీరు రోజూ చూసేదానికన్నా తక్కువే వస్తుంది.

కొత్తదారి (మళ్లీ)

అందరికీ కృతజ్ఞతలు. బాత్రూము తూకం మీద పెట్టెలను, ఫ్రేములను కలిపి తూచాను, 19 కిలోలు వచ్చాయి. వాటిని పక్కన పెట్టి గుడ్డ సంచులు తీసుకుంటున్నాము. వెనకసీటు గారి మాట విని నా భార్యకు ఈ చర్చంతా చదివి వినిపించాను. తనకు జలపాతం దగ్గర ఒక పూట, దారిలోని పెద్ద చెరువు దగ్గర ఒక రోజంతా కావాలని, మిగిలిన దారి ఏదైనా ఫరవాలేదని ఆమె చెప్పింది. నా జాబితాలో జలపాతం పక్కనుంచి ఆగకుండా వెళ్లిపోయేలా ఉంది!

కొత్త పథకం ఏడు రోజుల ప్రయాణం, రెండు రోజుల విశ్రాంతి, మొత్తం 1,560 కిలోమీటర్లు. అత్యధిక దూరం ఉన్న రోజు 270. టైర్ల మీది అంకెలు చూశాను, ముందుది మూడేళ్లది, వెనకది ఆరేళ్లది. వెనకది ఈ వారమే మారుస్తాను. వచ్చే ఆదివారం పూర్తి సామానుతో 200 కిలోమీటర్ల పరీక్ష ప్రయాణం పెట్టుకున్నాము. ఒక్క సందేహం మిగిలింది: 270 కిలోమీటర్ల రోజును చివరి రోజుకు, ఇంటికి తిరిగి వచ్చే దారికి పెట్టాను. అది సరైనదేనా?

నిదానం

దాన్ని రెండో రోజుకు మార్చండి. రెండో రోజుకు బండి బరువు చేతికి అలవాటవుతుంది, అలసట ఇంకా మొదలుకాదు. చివరి రోజు మనసు ఇంటికి ముందే చేరిపోతుంది, ఆగాల్సిన చోట ఆగాలనిపించదు. ఆ రోజుకు 150 మించకుండా చూసుకోండి. పరీక్ష ప్రయాణం అయ్యాక ప్రీలోడ్ ఎన్ని క్లిక్కులు పెంచారో ఇక్కడ రాయండి, హెడ్‌లైటు కూడా ఆ రాత్రే గోడ మీద వేసి చూడండి.