అక్కి మానింది, నుదుటి నొప్పి మానలేదు: కరెంటు చికిత్స చేయించినవాళ్ళు ఉన్నారా?

ప్రశ్న (తెనాలి నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మకి 68 ఏళ్ళు. ఐదు నెలల క్రితం నుదుటికి ఎడమవైపు, కనురెప్ప మీద అక్కి లేచింది. మాకు తెలిసిన దారిలో ముందు కుమ్మరి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళి జాజుతో సింహం బొమ్మ వేయించాం. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఆరో రోజు. వైరస్ మందు 72 గంటల్లోపు మొదలుపెడితే మంచిదని అక్కడే తెలిసింది. ఆ పోయిన రోజులు నా మనసులోంచి పోవడం లేదు. కన్ను మాత్రం దక్కింది.

పొక్కులు ఎండిపోయాయి. మంట అలాగే ఉంది, ఉండుండి సూదితో పొడిచినట్టు పోటు. ఫ్యాన్ గాలి తగిలినా ఓర్చుకోలేదు. ఎడమవైపు జుట్టు దువ్వనివ్వదు. ఏ రోజూ బొట్టు లేకుండా ఉండని మనిషి, ఇప్పుడు కుంకుమ వేలికి అద్దుకుని నుదుటి దాకా తెచ్చి ఆపేస్తుంది. అది చూడలేకపోతున్నాను.

నరాల నొప్పికి ప్రిగాబలిన్ 75 మాత్ర రెండు పూటలా, రాత్రి అమిట్రిప్టిలిన్ 10 వాడుతున్నాం. మోతాదు పెంచితే తూలి బాత్రూంలో పడింది. గుంటూరులో పెయిన్ క్లినిక్ డాక్టరు గారు, కనుబొమ్మ పైనున్న నరం పక్కన చర్మం కింద సన్నటి తీగ పెట్టి కరెంటు ఇద్దాం, ముందు వారం రోజులు ట్రయల్ చూద్దాం అన్నారు. మా బావ అదేమీ వద్దు, చర్మం మీద ప్యాడ్లు అంటించి కరెంటు ఇచ్చే టెన్స్ మెషిన్ కొంటే చాలంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

సమాధానం 1 (ఫిజియోథెరపిస్టు, వరంగల్)

అన్నా, టెన్స్ పనికిరాదని అనను. చర్మానికి అంటించిన ప్యాడ్ల ద్వారా చిన్న కరెంటు ఇస్తే స్పర్శను మోసే నరాలు మేల్కొంటాయి, నొప్పి కబురు పైకి పోకుండా కొంత అడ్డుపడతాయి. దెబ్బ తగిలిన చోట మనం రుద్దుకుంటే హాయిగా ఉండటం కూడా ఇందుకే. నొప్పి మీద పరిశోధన చేసిన మెల్జాక్, వాల్ 1965లో చెప్పిన మాట ఇది. కానీ ముఖం మీద ఎవరికి వాళ్ళు పెట్టుకునేది కాదు. అమ్మగారికి గాలి తగిలితేనే మంట కదా, అక్కడ ప్యాడ్ అంటించడమే నరకం. మొద్దుబారిన చోట పెడితే చర్మం కాలినా తెలియదు. కంటి మీద, మెడ ముందువైపు అసలు పెట్టకూడదు. గుండెకి పేస్‌మేకర్ ఉంటే వద్దు. పెడితే మంట లేని, స్పర్శ బాగున్న చర్మం మీద, తెలిసినవాళ్ళ ఎదుట ఒకసారి చూడండి. హాయి అనిపించినా అది చాలామందికి మెషిన్ ఆపాక ఎక్కువసేపు నిలవదు.

సమాధానం 2 (రిటైర్డ్ లెక్చరర్, హైదరాబాద్)

బాబూ, నాకు 71. కుడి నుదుటికి ఇదే జబ్బు, తీగ పెట్టించుకుని రెండేళ్ళయింది. ట్రయల్‌కి భయపడకండి. మత్తు సూది ఇచ్చి, ఎక్స్‌రేలో చూస్తూ కనుబొమ్మ పైన తీగ దూర్చారు. దాని మిషను బయట, జేబులో. కరెంటు పెట్టగానే నుదుటి మీద సన్నగా జుమ్మంది, ఆ జుమ్ములో మంట అణిగింది. రోజుకి నాలుగుసార్లు నొప్పికి పదికి ఎంతో అంకె వేసి రాయమన్నారు. సగానికైనా తగ్గితేనే లోపల పెడతామన్నారు. నాకు 8 నుంచి 3కి దిగింది. అప్పుడు చెవి వెనక నుంచి చర్మం కిందుగా తీగ లాగి, కాలర్ ఎముక కింద బ్యాటరీ పెట్టారు.

నాలుగో నెలలో తీగ జారింది, మళ్ళీ కోత పడింది. ఇన్‌ఫెక్షన్ వస్తే మొత్తం తీసెయ్యాల్సి కూడా రావచ్చు. ఖర్చు లక్షల్లో, కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్ళని ముందే రాతపూర్వకంగా అడగండి. లోపల పెట్టాక ఎమ్మారై తీయించుకోవచ్చా, బ్యాటరీ చార్జింగ్ ఎలా, సెట్టింగులు మార్చాలంటే ఎవరు వస్తారు, ఇవీ అడగండి. నొప్పి నాకు పూర్తిగా పోలేదు. కానీ కుడివైపు తిరిగి పడుకుంటున్నాను, మూడేళ్ళ తర్వాత.

సమాధానం 3 (నర్సు, విజయవాడ)

తీగకి ముందు 5 శాతం లిడొకైన్ ప్యాచ్ (చర్మాన్ని మొద్దుబార్చే మందు పట్టీ) గురించి డాక్టర్‌ని అడిగారా? మాత్రల్లా తూలు రాదు. పుండు లేని చర్మం మీదే వేయాలి, కంటికి తగలకూడదు. రక్తం పలచబడే మందులు, షుగరు ఉంటే ట్రయల్‌కి ముందే చెప్పండి. మీకు 50 దాటితే షింగ్రిక్స్ టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది, 2 నుంచి 6 నెలల ఎడంతో రెండు డోసులు. అది అక్కి రాకుండా ఆపడానికే, అమ్మగారి ఈ నొప్పికి మందు కాదు. ఆ మొదటి రోజుల గురించి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మందు వేళకి వేసినా ఈ నొప్పి మిగిలినవాళ్ళని నేను చూశాను.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు, మాష్టారూ మీకు మరీ. ప్యాచ్ రెండు వారాలు వేశాం, కాస్త నయం, నిద్ర మాత్రం లేదు. ట్రయల్ సోమవారానికి ఖాయం చేశాం. అమ్మ డాక్టర్‌ని అడిగింది ఒక్కటే, వారం దాకా తలస్నానం చేయకూడదా అని. తడి తగలకూడదన్నారు, ఒప్పుకుంది. బావ కొన్న మెషిన్ వెనక్కి పంపేశాడు. మీరు చెప్పిన అంకెలకి పాల లెక్కల నోటుబుక్కులో వెనక పేజీ తీసింది అమ్మ. నిన్న నాలుగుసార్లూ 8 వేసింది. ఈ ఉదయం 7.