అత్తగారితో మాట్లాడేందుకు రష్యన్: 36 ఏళ్ల వయసులో ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న – గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. నాది రాజమహేంద్రవరం, ఉద్యోగం హైదరాబాదులో, వయసు 36. నాకు కాబోయే భర్తది రష్యాలోని యెకతెరీన్‌బుర్గ్. మేమిద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం కాబట్టి, ఈ మూడేళ్లలో ఆయన భాష నేర్చుకోవాలన్న తొందర నాకు కలగలేదు. కిందటి చలికాలంలో వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ లోటు ఎంత పెద్దదో తెలిసింది. వాళ్లమ్మగారికి రష్యన్ తప్ప మరో భాష రాదు. పది రోజులపాటు ఆవిడ వంటగదిలో నాకెదురుగా కూర్చుని టీ పోస్తూ, పిరష్కీలు (లోపల కూర పెట్టి చేసే రష్యన్ రొట్టెలు) వడ్డిస్తూ, ఏవేవో కబుర్లు చెబుతూనే ఉన్నారు. ‘స్పసీబ’ (కృతజ్ఞతలు) అనడం, నవ్వడం తప్ప నేనేమీ చేయలేకపోయాను. ఆయన పక్కన కూర్చుని చెబితే, ఆవిడ పది మాటలు నా దగ్గరకు ఒక్క మాటగా వచ్చేవి.

వాళ్ల గడియారం మనకంటే అరగంటే వెనక కాబట్టి ప్రతి ఆదివారం సాయంత్రం మేమిద్దరం ఆవిడను ఫోనులో కలుస్తాం. ఆ సమయంలో కనీసం ఐదు నిమిషాలైనా ఆవిడతో నేరుగా మాట్లాడాలని నా కోరిక. నాలుగు నెలలుగా ఫోనులోని ఒక యాప్‌తో ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటున్నాను. 33 అక్షరాలూ వచ్చాయి. కుర్రవాడి దగ్గర ఆపిల్ ఉందని చెప్పగలను. అయితే ఆవిడతో చెప్పవలసినది అది కాదు కదా. ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లీషులో కట్టుకుని, తర్వాత మార్చుకునేలోపే సంభాషణ దాటిపోతోంది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు రష్యన్ నేర్పడానికి 44 వారాలు, దాదాపు 1100 తరగతి గంటలు లెక్క కడుతుందని చదివాక మరీ దిగులు పట్టుకుంది. వ్యాకరణం ఎంతవరకు చదవాలి, ఆయన దగ్గరే నేర్చుకోవచ్చా, అన్నిటికంటే ముందు ఆవిడను ఏమని పిలవాలి? అనుభవమున్నవారు చెప్పగలరు.

సమాధానం – ఓకా ఒడ్డు

పిలుపుతోనే మొదలుపెడతానండీ, ఎందుకంటే నేను కూడా అక్కడే ఇబ్బంది పడ్డాను. నేను రష్యాలోని నీజ్నీ నోవ్‌గొరొద్‌లో పదకొండేళ్లుగా కాపురం ఉంటున్నాను. మనం అత్తగారిని పేరు పెట్టి పిలవడం ఊహించలేం; ఇక్కడ మాత్రం పెద్దవాళ్లను పేరుతో, దాని వెంట తండ్రి పేరు నుంచి పుట్టిన పేరుతో కలిపి పిలవడమే గౌరవం. తండ్రి పేరు ఇవాన్ అయితే కొడుకు ఇవానవిచ్, కూతురు ఇవానవ్న అవుతారు. కాబట్టి ఆవిడ తండ్రిగారి పేరేమిటో మీవారిని అడిగి తెలుసుకుని, రెండు పేర్లూ కలిపి పిలవండి. భర్త తల్లిని స్విక్రోవ్ అనీ, భార్య తల్లిని త్యోష్ష అనీ అంటారు గానీ, అవి ఎవరి గురించైనా చెప్పేటప్పుడు వాడే మాటలే తప్ప పిలిచే మాటలు కావు. కొందరు కోడళ్లు పెళ్లయ్యాక ‘మామ’ అంటారు, అంటే అమ్మ అని. ఆ చనువు ఆవిడ వైపు నుంచి రావాలి. అలాగే ‘వి’ అంటే మీరు, ‘తి’ అంటే నువ్వు. ఈ తేడా మనకు పుట్టుకతో తెలిసినదే కాబట్టి, ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్లు నెలల తరబడి తడబడేచోట మీరు తడబడరు.

ఇక మీరు అసలు ఆగిపోయింది ఇంగ్లీషు దారిలో వెళ్లడం వల్లనే అని నా గట్టి నమ్మకం. తెలుగు నుంచి నేరుగా వెళ్లి చూడండి. ‘మ్న్యే’ అంటే ‘నాకు’. ‘మ్న్యే హోలద్న’ అంటే నాకు చలిగా ఉంది, ‘మ్న్యే న్రావిత్స’ అంటే నాకు నచ్చుతుంది, ‘మ్న్యే కాజెత్స’ అంటే నాకు అనిపిస్తోంది. వయసు చెప్పాలన్నా ‘మ్న్యే’తోనే, మనం ‘నాకు ముప్పై ఆరేళ్లు’ అన్నట్టే చెప్తారు. ఇంగ్లీషువాడు ‘నేను చలిగా ఉన్నాను’ అన్నట్టు కట్టుకున్న వాక్యాన్ని తలకిందులు చేసుకోవాలి, మనం చేయనక్కరలేదు. ‘నేను డాక్టరును’ అనేటప్పుడు మనకు క్రియ లేనట్టే వాళ్లకూ ‘యా వ్రాచ్’ అంటే సరిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడే మాటల్లో సగం చలి, ఆకలి, అలసట, ఇష్టం, నొప్పి గురించే ఉంటాయి కాబట్టి, ఈ ఒక్క ‘నాకు’తో మీరు చాలా దూరం వెళ్లగలరు.

విభక్తులు ఆరు అని భయపెడతారు. ప్రథమ, ద్వితీయ, తృతీయ, చతుర్థి, షష్ఠి, సప్తమి అని మనం బడిలో చదువుకున్నవే అవి. పంచమి పని చాలావరకు షష్ఠే చేస్తుంది. కష్టం ఎక్కడంటే, మన ‘కి’, ‘తో’ ఏ మాటకైనా ఒకేలా అతుక్కుంటాయి. వాళ్ల ప్రత్యయాలు మాట లింగాన్ని బట్టి, వచనాన్ని బట్టి మారిపోతాయి. దానికి పట్టికలు బట్టీ పట్టకండి. వంటగదిలో వాడే వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగా నోటికి తెచ్చుకుంటే, ఆ ప్రత్యయాలు వాటితోపాటే వస్తాయి.

ఒక్క హెచ్చరిక చేయాలి. మీవారిని అనుకరించి మాట్లాడేటప్పుడు జాగ్రత్త. అలసిపోయానని చెప్పడానికి మగవాళ్లు ‘యా ఉస్తాల్’ అంటారు, ఆడవాళ్లు ‘యా ఉస్తాలా’ అనాలి. తెలుగులో ‘అలసిపోయాను’ ఇద్దరికీ ఒకటే కాబట్టి మన చెవి ఆ తేడాను పట్టుకోదు. నేను మొదటి ఏడాదంతా మావారి వాక్యాలనే తిరిగి చెప్పి, మగవాడిలా మాట్లాడాను. మర్యాద కొద్దీ ఎవరూ దిద్దలేదు. చివరికి మా ఆడపడుచు నెమ్మదిగా చెప్పింది. అందుకే మీ అత్తగారి మాటనే వినండి, ఆవిడ క్రియలనే పట్టుకోండి.

సమాధానం – పాత పంతులు

పై సమాధానంతో ఏకీభవిస్తూ, ఉచ్చారణ గురించి కొంత చెప్పవలసి ఉంది. చాలాకాలం రష్యన్ బోధించిన వాడిగా నేను చూసిన మొదటి దోషం ‘ట’కారం. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునే తెలుగువాళ్లు రష్యన్ ‘త’ను ‘ట’గా, ‘ద’ను ‘డ’గా పలుకుతారు. అవి దంత్యాలు, మన త, ద లాంటివే. రెండవది, హల్లుతో ముగిసే మాటకు చివర ‘ఉ’ చేర్చే అలవాటు. ‘బ్రాత్’ అంటే సోదరుడు. చివరి త్‌ను నాలుక పైకి అంటించి మెత్తగా పలికితే అది ‘తీసుకోవడం’ అనే మరో మాట అవుతుంది. అక్కడ ‘బ్రాతు’ అంటే విన్నవారికి ఏదీ అందదు.

మూడవది ఊనిక, అంటే మాటలో ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలన్నది. తెలుగులో ఊనికను బట్టి అర్థం మారదు కాబట్టి మనం దానిని పట్టించుకోం. రష్యన్‌లో ‘ప్లచూ’ అంటే డబ్బు చెల్లిస్తాను, ‘ప్లాచు’ అంటే ఏడుస్తున్నాను. రాతలో రెండూ ఒకటే. ఊనిక లేని ‘ఒ’ దాదాపు ‘అ’గా మారుతుంది కనుకనే మూడు ‘ఒ’లతో రాసే పాలు అనే మాటను ‘మలకో’ అని పలుకుతారు. ఏ కొత్త మాటనైనా ఊనికతో కలిపి మాత్రమే రాసుకోండి. తెలుగు లిపిలో రాసుకోవడం మొదటి రెండు వారాల తర్వాత మానేయండి. ‘తి’, ‘వి’ అని ఇక్కడ రాసిన మాటల్లోని అచ్చు మన ‘ఇ’ కాదు, నాలుకను వెనక్కి లాగి పలకవలసిన ధ్వని, దానికి మనకు అక్షరం లేదు.

క్రియల జంటలు, అంటే ఒకే పనికి పూర్తయితే ఒకటి, కాకపోతే ఒకటి చొప్పున ఉండే రెండు క్రియలు, అందరినీ కంగారు పెడతాయి. వాటికీ తెలుగు కొంత సాయం చేస్తుంది. ‘చితాలా’ అంటే చదివాను, చదువుతూ ఉండేదాన్ని. ‘ప్రచితాలా’ అంటే చదివేశాను. మన ‘చదివాను’, ‘చదివేశాను’ తేడా ప్రతిచోటా సరిపోదు గానీ, పని పూర్తయిందా లేదా అన్న స్పృహ మనకు ఉంది. తెలుగు సాయపడనిది ఒక్కచోట: వెళ్లడం. నడిచి వెళ్తే ఒక క్రియ, వాహనంలో వెళ్తే మరొకటి, ఒక్కసారి వెళ్తే ఒకటి, తరచూ వెళ్లి వస్తుంటే ఇంకొకటి. దీనికి ఓపికే మందు.

1100 గంటల లెక్క ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఉద్యోగ వ్యవహారాలు నడిపే స్థాయికి చేరడానికి వేసినది. మీకు కావలసింది అది కాదు. రష్యన్ భాషా పరీక్షల్లో తొలి స్థాయికి నిర్దేశించిన మాటలు 780, రెండో స్థాయికి 1300. రోజుకు నాలుగు మాటల చొప్పున నేర్చుకున్నా ఏడాదిలో రెండో స్థాయి మాటలు మీవే. 1972లో మాస్కోలో తెలుగు–రష్యన్ నిఘంటువు అచ్చయింది. పాత గ్రంథాలయాల్లో దొరికితే చూడండి, తెలుగు మాట నుంచి నేరుగా రష్యన్ మాటకు వెళ్లవచ్చు.

సమాధానం – తూర్పు కిటికీ

ఆయన దగ్గరే నేర్చుకోవచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు వద్దు అనే. నేను నా భార్య దగ్గర రష్యన్ నేర్చుకోబోయి, ప్రతి సాయంత్రాన్నీ పరీక్షగా మార్చుకున్నాను. వాక్యం వాక్యానికీ దిద్దుబాటు వస్తే మనసులో మాట చెప్పాలనిపించదు. పాఠం బయట చదువుకోండి. హైదరాబాదులోని ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) రష్యన్ శాఖ ఉంది, చెన్నైలోని రష్యన్ సాంస్కృతిక కేంద్రమైన రష్యన్ హౌస్‌లో తరగతులు నడుస్తాయి. ఇంట్లో రోజుకు ఇరవై నిమిషాలు రష్యన్‌లోనే మాట్లాడుకుని, ఆ సమయంలో తప్పులు దిద్దకూడదని ఒప్పందం చేసుకోండి. ఆదివారం ఫోనులో ఆయన గదిలో లేకుండా ఉండడం మంచిది. ఎదురుగా అనువాదం చేసేవారు ఉంటే ఆవిడ ఆయనతోనే మాట్లాడతారు. ‘పమ్యేద్లెన్యె, పజాలుస్త’ అంటే కొంచెం నెమ్మదిగా, దయచేసి. ‘కాక్ ఎత నజివాయెత్స’ అంటే దీన్ని ఏమంటారు. ఈ రెండూ వస్తే వంటగదిలో ఆవిడే మీ పంతులమ్మ అవుతారు.

గోదావరి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం ఆయనను బయటకు పంపి, ఆవిడను రెండు పేర్లూ కలిపి పిలిచి, మీ పిరష్కీలు నాకు నచ్చాయని ‘మ్న్యే’తో మొదలుపెట్టి చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి, పిండి ఎలా కలపాలో చూపించారు. పిండి, నీళ్లు, ఉప్పు అర్థమయ్యాయి. చివర నన్ను ‘దోచెన్క’ అన్నారు. నిఘంటువులో ‘దోచ్’ ఉంది గానీ ఈ మాట దొరకలేదు. అర్థమేమిటో చెప్పగలరా?

పాత పంతులు

‘దోచ్’ అంటే కూతురు. దానికి ముద్దు ప్రత్యయం చేరితే ‘దోచెన్క’ అవుతుంది. మనం ‘అమ్మలూ’, ‘బంగారు తల్లీ’ అన్నట్టు. పిలుపులోనే ఎక్కువగా వినిపిస్తుంది. ఊనిక మొదటి అక్షరం మీద ఉంటుంది, ‘న్’ మెత్తగా పలకాలి. రష్యన్‌లో పేర్లకు కూడా ఇలాగే జరుగుతుంది, యెకతెరీనా కాత్య అవుతుంది, కాత్య కత్యూష అవుతుంది. మీ పేరును ఆవిడ ఎలా మారుస్తారో వచ్చే ఆదివారం గమనించి, ఇక్కడ రాయండి.