సాన్ మార్కోస్‌ను ‘కాన్వెంట్’ అనవచ్చునా?

ప్రశ్న: స్పెయిన్‌లోని లియోన్ నగరంలో ఉన్న సాన్ మార్కోస్ కట్టడంపై ఒక వ్యాసం రాస్తున్నాను. అక్కడివారు వాడే ‘కొన్వెంతో’ అన్న మాటకు ‘సన్యాసినుల మఠం’ అని రాయవచ్చునా, లేక ‘కాన్వెంట్’ అనే ఉంచడం మేలా? తెలిసినవారు చెప్పగోరుతాను.

సమాధానం: ‘సన్యాసినుల మఠం’ మాత్రం వద్దండి. స్పానిష్‌లో ఆ మాట మగవారి మఠానికీ చెల్లుతుంది. పైగా సాన్ మార్కోస్, సాంతియాగో (యేసు శిష్యుడు సెయింట్ జేమ్స్) పేరు పెట్టుకున్న క్రైస్తవ యోధుల సంఘానిది. ఆ యోధులకు పెళ్లి చేసుకునే వెసులుబాటు ఉండేది కనుక ‘సన్యాసులు’ అన్నా అందరికీ పొసగదు. ఇక ‘కాన్వెంట్’ అంటే, ‘పిల్లవాణ్ణి కాన్వెంటులో వేశాం’ అనే మన పాఠకుడికి టై కట్టుకున్న బడిపిల్లలే కళ్లముందు మెదులుతారు. ‘మఠం’ చాలు.

అయితే ఆ ఒక్క మాటతో వ్యాసమంతా నడవదు. 12వ శతాబ్దంలో బెర్నెస్గా నది వంతెన పక్కన, సాంతియాగో దె కొంపొస్తేలా పుణ్యక్షేత్రానికి కాలినడకన వెళ్లే యాత్రికులకు ఆశ్రయంగా ఈ చోటు మొదలైంది. చరిత్రకారులు దాన్ని ‘ఓస్పితాల్’ అంటారు కదా అని ‘ఆసుపత్రి’ అని రాస్తే అర్థం కుంచించుకుపోతుంది. మనకు ‘సత్రం’ అన్న చక్కని మాట ఉండనే ఉంది. 16వ శతాబ్దంలో తిరిగి కట్టడం మొదలై 18వ శతాబ్దంలో పూర్తయిన ముఖభాగం పొడవు నూరు మీటర్లకు పైమాటే. ద్వారం మీద గుర్రమెక్కిన సాంతియాగో, చర్చి గోడ నిండా యాత్రికుల గుర్తయిన ఆల్చిప్పల చెక్కడాలు కనిపిస్తాయి. ఆ శైలిని ‘ప్లాతెరెస్కో’ అంటారు. ‘ప్లాతెరో’ అంటే వెండిపని చేసే కంసాలి కనుక ‘వెండిపని నగిషీ’ అని ఒకసారి వివరించి వదిలేయవచ్చు. కవి ఫ్రాన్సిస్కో దె కెవెదోను 1639 నుంచి 1643 వరకు బంధించింది ఇక్కడే. 19వ శతాబ్దంలో ప్రభుత్వం మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకున్న తరువాత విద్యాలయం, మ్యూజియం, సైనిక వసతి వంటి పనులకు దీన్ని వాడుకున్నారు.

మరొక ప్రశ్న: స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో ఈ కట్టడపు వాడుకను ‘జైలు’ అంటే సరిపోతుందా?

సమాధానం: సరిపోదనే నా అభిప్రాయం. 1936లో మొదలైన ఆ యుద్ధంలో సైన్యాధికారి ఫ్రాంకో నడిపిన తిరుగుబాటు పక్షం వేలాది మందిని ఇక్కడ కుక్కింది; వారిలో అత్యధికులు నేరం రుజువై శిక్ష పడినవారు కారు. ‘నిర్బంధ శిబిరం’ అనే రాయండి. 1960ల నుంచి అదే కట్టడం ‘పరదోర్’, అంటే ప్రభుత్వ యాజమాన్యంలోని హోటల్. దీనికి మళ్లీ ‘సత్రం’ అనాలని మనసు లాగుతుంది గాని, అద్దె పుచ్చుకునే నక్షత్రాల హోటలుకు ఆ మాట అంటగట్టడం న్యాయం కాదు. ‘పరదోర్ హోటల్’ అనే ఉంచండి.